పడవలో మూడో మనిషి

మా పేట పార్కులో చెరువులు మూడు. పెద్దదాని మధ్య బెంతెన్ దేవత గుడి. ఆవిడకి అసూయ ఎక్కువట, ఆ చెరువులో జంటగా పడవెక్కినవాళ్లు విడిపోతారని టోక్యో అంతా చెప్పుకుంటారు. అందుకే కాబోలు, ఆదివారం వస్తే టోక్యోలోని జంటలన్నీ అక్కడే లైను కడతాయి.

మా అమ్మాయి చిహారుకి ముప్పై నాలుగు. ఇన్నాళ్లకి కుసానో దొరికాడు. కట్టుడు పళ్లు తయారుచేస్తాడు. నవంబరులో పెళ్లి. ఇంక ఆ పడవొక్కటే తక్కువ.

"హంస పడవ ఎక్కుదాం," అంది చిహారు, ఆ ఆదివారం నలుగురం చెరువు గట్టుకి చేరగానే.

"ఎక్కండి. శుభలేఖలు ఇంకా అచ్చవలేదు, అదొక అదృష్టం," అన్నాను.

"నువ్వూ నాన్నా ఎక్కలేదేంటి?"

బెంచీ మీద మా ఆయన పేపర్లోంచి తలెత్తలేదు. "ఎక్కాం. ముప్పయ్యారేళ్లయింది. ఆ దేవత ఇంకా నా మొర వినలేదు."

ఈయన్ని చూసుకుని కూతురి పెళ్లి నీళ్లలో వదలలేను కదా. జంటగా ఎక్కితేనే శాపం. అందుకని నేనూ ఎక్కాను. హంసలో ముగ్గురు పట్టరన్నారు. తెడ్ల పడవ తీసుకున్నాం.

కుసానో తెడ్లు పట్టాడు. పళ్లు చెక్కే చేతులాయె, నీళ్లకి నొప్పి తెలియకుండా వేస్తున్నాడు. పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది.

"ఎడమకి, నాయనా. అదిగో కొమ్మ. కంట్లో గుచ్చుకుంటే పెళ్లి ఫొటోలో కట్టు పడుతుంది. అడుగున ఈ నీళ్లేమిటి?"

"ముందునుంచీ ఉన్నాయి, అత్తయ్యా."

"అంటే ముందునుంచీ కారుతోందన్నమాట. చిహారూ, ఇతనికి ఈతొచ్చా?"

"నడుం లోతే అమ్మా."

"నడుం లోతులోనే పోతారు. మెడ లోతైతే జాగ్రత్తగా ఉంటారు."

కుసానో తెడ్లు వదిలేశాడు. "అత్తయ్యా, మీరు కాసేపు..." అని ఆగిపోయాడు. మర్యాదస్థుడు.

"నోరు మూసుకోమంటున్నాడు," అంది నా కూతురు. లేచి వెళ్లి అతని పక్కన కూర్చుని ఒక తెడ్డు అందుకుంది. పడవ ఊగింది. నేను అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి పడవ తిన్నగా పోతోంది, నన్నెవరూ చూడటం లేదు.

ఒడ్డుకొచ్చాక అడిగాను. "కొత్తింటి తాళంచెవి ఒకటి నా దగ్గరుంచండి. గ్యాసు కట్టేయడం మర్చిపోతారు."

"వద్దు," అన్నారిద్దరూ ఒక్కసారే. ఒకరి మొహం ఒకరు చూసుకోను కూడా లేదు.

ఇంక వీళ్లని విడదీయడం ఏ దేవత వల్లా కాదు. తాళంచెవి మాత్రం నవంబరులోగా ఇంకోసారి అడుగుతాను.