ఇంటి పెత్తనానికి మనిషి

పళ్ళ డాక్టరమ్మ రెండు చేతులూ రోగి నోట్లో ఉన్నప్పుడే ఇంటి నుంచి ఫోనొస్తుంది. నర్సు ఫోను తెచ్చి ఆవిడ చెవికి ఆనిస్తుంది. అత్తగారు: "గీజరు బాగుచేసే అతనొచ్చాడమ్మాయ్, లోపలికి రమ్మనమంటావా?" అది పెట్టేశారో లేదో, భర్త: "నేను బయటికెళ్తున్నా, తాళం పక్కింట్లో ఇవ్వనా?" ఈ మధ్య ఆ చిరాకులో ఒక పెద్దాయనకు పుచ్చిపన్ను వదిలేసి పక్క పన్నుకు మత్తిచ్చింది. నర్సు చూసింది కాబట్టి మంచి పన్ను దక్కింది. ఇల్లు చూసుకోడానికి గట్టి మనిషిని పెట్టకపోతే క్లినిక్ మూసుకోవాల్సిందేనని ఆ రోజే తేల్చుకుంది.

"బట్లరు కావాలా, హౌస్ మేనేజరు కావాలా?" అంది మనుషుల్ని కుదిర్చే ఏజెన్సీ ఆవిడ. "బట్లరు మనుషుల్ని చూసుకుంటాడు. మేనేజరైతే ఇంటిని నడుపుతారు."

భర్త మనసు బట్లరు మీద పడింది. తెల్ల గ్లౌజులంటే ఆయనకు మోజు.

వచ్చిన బట్లరు వంక పెట్టలేని మనిషి. నడిస్తే చప్పుడు కాదు. కానీ మర్యాద మరీ ముదిరిపోయి, అమ్మగారి అనుమతి లేనిదే కిటికీ కూడా తెరవడు. వారం తిరిగేసరికి క్లినిక్‌కి ఫోన్లు చేసేవాళ్ళు ముగ్గురయ్యారు. ఆయన్ని అంతే మర్యాదగా సాగనంపారు.

తర్వాత హౌస్ మేనేజరు పనికి వచ్చినావిడ ఒక పెద్ద హోటల్లో ఏళ్ళ తరబడి అజమాయిషీ చేసిన మనిషి. సోఫా అంచున కూర్చుని, డాక్టరమ్మ నోరు తెరిచేలోపే తనే అడిగింది.

"మీరు క్లినిక్‌లో ఉన్నారు. ఇక్కడ పైపు పగిలింది. ప్లంబరు గోడ కొట్టాలంటున్నాడు. నేనేం చెయ్యాలి?"

"నాకో ఫోన్ చెయ్యండి," అంది డాక్టరమ్మ ఆలోచించకుండా.

ఆవిడ సంచి భుజాన వేసుకుని లేచింది. "అయితే నేనెందుకండీ? ఫోన్ చేసేవాళ్ళు ఇంట్లోనే ఉన్నారుగా."

భర్త నవ్వొచ్చి దగ్గినట్టు నటించాడు. అత్తగారికి ఆ మొహమాటం కూడా లేదు. "ఆవిణ్ణి పోనివ్వకమ్మాయ్. మేమేమన్నా సరదాకి ఫోన్లు చేస్తున్నామా? నిన్నడక్కుండా కర్టెన్లు మార్చానని నెల్లాళ్ళు మూతి ముడుచుకున్నావు. అప్పట్నుంచీ నాకు దేన్ని ముట్టుకోవాలన్నా దడే."

డాక్టరమ్మ మొహం కందిపోయింది. ఎదురు చెబుదామంటే కర్టెన్ల సంగతీ నిజమే, మూతి ముడుచుకోవడమూ నిజమే. ఇన్నాళ్ళూ వీళ్ళకు చేతకాదనుకుంది. వాళ్ళ చేతులు కట్టేసింది తనేనని తెలిసి సిగ్గేసింది. అత్తగారి మీద జాలి కూడా కలిగింది.

"సరే, గోడ కొట్టించండి," అంది.

"ఏ గోడో అడగరా?"

ముందు గది గోడయితేనో? మొన్ననే రంగు వేయించింది. ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ సంచి ఇంకా భుజానే ఉంది.

"అడగను," అంది డాక్టరమ్మ అతి కష్టం మీద.

ఆవిడ సంచి దించి కూర్చుంది. "రేపట్నుంచి వస్తాను. స్టోరు గది తాళాలు ఇకమీదట ఎవరి దగ్గరుంచుదాం?"

అత్తగారు అలవాటుకొద్దీ కోడలి వైపు చూసింది. కోడలు ఫ్యాను వైపు చూసింది.

"నా దగ్గరే ఉండనీ," అంది అత్తగారు.