నూనె పట్టిన తీగలు

హరిబాబు వైర్లు చుడుతున్నాడు. మోచేతికీ బొటనవేలికీ మధ్య ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి, మెలి పడకుండా చుట్టి, చివర పురికొసతో కట్టి గోడ మేకుకు తగిలించడం. నిన్నటి పెళ్ళిలో పందిరంతా తిరిగిన వైర్లవి. వాటికి బురద, అక్షింతలు, ఎవరో తొక్కిన లడ్డూ ముద్ద అంటుకుని ఉన్నాయి. తడిగుడ్డతో తుడుస్తూ చుడుతున్నాడు.

కొత్తపేట బస్టాండుకు ఎదురుగా ఉన్న ఆ సౌండ్ సర్వీసు కొట్టు పొడుగ్గా, సన్నగా ఉంటుంది. రెండు పక్కలా కప్పు దాకా స్పీకరు పెట్టెలు. మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడవాల్సిందే. వెనక గోడకు కిటికీ పెట్టిస్తానని పెద్దాయన, అంటే కొట్టు పెట్టిన ముసలాయన, బతికున్నన్నాళ్ళూ అన్నాడు. ఆయన ఫొటో గోడకెక్కింది గాని కిటికీ రాలేదు. హరిబాబు కూర్చునే చోటికి వీధి ఒక నిలువు చీలికలా కనిపిస్తుంది. ఆ చీలికలోంచి రావులపాలెం బస్సు, అమలాపురం బస్సు, రాజోలు బస్సు వచ్చిపోతుంటాయి. కండక్టర్లు మారారు గాని కేకలు మారలేదు.

హరిబాబు యాభై దాటి చాలా ఏళ్ళయిన మనిషి. పొడుగు చేతులు, చిన్న మొహం. ఎడమ భుజం కాస్త కిందికి ఒరిగి ఉంటుంది. ఎవరైనా చూస్తే కావడి మోశాడనుకుంటారు. మోసింది బేస్ గిటారు, పాటకు అడుగున మోగే నాలుగు తీగల గిటారు. ఎడమ చేతి వేళ్ళ కొసలు ఎండు కొబ్బరి చిప్పల్లా గట్టిపడి, వేడి గ్లాసు పట్టుకున్నా కాలవు. పెద్దాయన రోజుల్లో ఈ కొట్టుకు పెద్ద ఆర్కెస్ట్రా ఉండేది. ఇద్దరు గాయకులు, కీబోర్డు, డ్రమ్ములు, ముందు వరసలో మెరుపుల చొక్కాలు. వెనకాల నీడలో హరిబాబు. బేస్ వాయించేవాణ్ణి ఎవరు చూస్తారు? వాడు ఆపితేనే పాటలో ఏదో పోయిందని తెలుస్తుంది, ఏది పోయిందో మాత్రం తెలియదు.

ఇప్పుడంతా డీజే. ఎప్పుడైనా ఊరి జాతర తీర్థంలోనో, పాత తరహా పెళ్ళిలోనో మనుషులు వాయించాలని అడిగితేనే అతనికి గిటారు చేతికొస్తుంది. మిగతా రోజుల్లో పెట్టెలు ఎక్కించడం, దించడం, ఈ వైర్లు.

ఇవాళ ఆ గిటారు కూడా పోయేలా ఉంది.

పెద్దాయన కొడుకు సత్యప్రసాద్ నిన్న సాయంత్రం సంగతి చెప్పాడు. రాజోలు దగ్గర ఒక చర్చి వాళ్ళు బేస్ గిటారు కొనడానికి వస్తున్నారట. కొట్లో ఉన్న మూడింటిలో ఏది నచ్చితే అది ఇచ్చేస్తానన్నాడు. ఎర్రది దుబాయి నుంచి వచ్చిన ఒకాయన అమ్మిపెట్టమని వదిలింది, అమ్ముడుపోకపోతే ఆయన తమ్ముడు పట్టుకుపోతాడు. నల్లది కొత్తది, అమలాపురం కుర్రాళ్ళ బ్యాండుకు అద్దెకు తిరుగుతుంది. ఇక గోధుమరంగుది పెద్దాయన కొన్న పాతది, హరిబాబు చేతిలో నలిగింది. అది పోతే హరిబాబుకు వాయించడానికి ఈ లోకంలో మరొకటి లేదు. పైగా మూడింటినీ వాయించి వినిపించాల్సింది కూడా అతనే.

పొద్దున్న ఈ మాట చెబితే భార్య లోవమ్మ చద్దన్నంలో మజ్జిగ పోస్తూ నవ్వింది. "ఆ మూగదాన్నెవరు కొంటారండీ? పోతే మాత్రం మీకు సుఖం కదా. పెళ్ళయిన కాణ్ణుంచీ దాన్ని తిడతానే ఉన్నారు."

నిజమే, తిట్టాడు. దానికో కథ ఉంది. పెళ్ళయిన కొత్తలో, అంతర్వేది తీర్థంలో ఇతను వాయించే తీరు చూసి విజయవాడలో భక్తిపాటల కేసెట్లు తీసే ఒకాయన రమ్మన్నాడు. పెద్దాయన్ని బతిమాలి గిటారు తీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి వాయించమన్నారు. వాయించాడు. అవతల గదిలోంచి ఆయన బయటికొచ్చి, చెయ్యి బాగుంది గాని గిటారులో సౌండు లేదని, దుప్పటి కప్పి వాయించినట్టుందని, మంచి గిటారుతో మళ్ళీ రమ్మని చెప్పాడు. హరిబాబు వెనక్కొచ్చాడు. పెద్దాయన వచ్చే సీజనుకు మంచిది కొందామన్నాడు. సీజన్లు వచ్చాయి, పోయాయి. ఆ తరవాత కేసెట్లే పోయాయి. ఎవరైనా ఇక్కడే ఉండిపోయావేమని అడిగితే హరిబాబు జవాబు ఒకటే, గిటారు మూగదండి అని.

అలాగని దాన్ని అశ్రద్ధ చేశాడా అంటే, అబ్బే. మన గాలి సంగతి తెలిసిందే కదా. సముద్రపు ఉప్పు, కాలవల తడి, ఇనుమును బతకనివ్వవు. హరిబాబు తండ్రి కొబ్బరికాయలు ఒలిచేవాడు. సాయంత్రం పని దిగగానే గునపానికి కొబ్బరినూనె పట్టించి గాని చేతులు కడుక్కునేవాడు కాదు. కత్తిపీటకు నూనె, కొడవలికి నూనె, తలుపు బందులకు నూనె. గిటారు చేతికొచ్చిన మొదటిరోజే తండ్రి తీగల్ని తడిమి చూసి, "ఇనుమేరా ఇది, నూనె మరవకు" అన్నాడు. హరిబాబు మరవలేదు. ప్రతి ప్రోగ్రాము తరవాతా ఇంట్లో ఆడించిన కొబ్బరినూనెలో గుడ్డ ముంచి నాలుగు తీగలూ పైనుంచి కిందికి తుడిచేవాడు. ఎప్పుడైనా ఒక తీగ తెగి కొత్తది వేస్తే, అది పచ్చిగా అరిచి మిగతా మూడింటితో కలవదని, బిగించకముందే నూనె పట్టించేవాడు. కొత్తకోడలికి తలంటినట్టు, రెండు పూటలా. అతని తీగలకు తుప్పు పట్టడం ఎవరూ చూడలేదు. ఆ శ్రద్ధకు పెద్దాయన నలుగురిలో మెచ్చుకునేవాడు కూడా.

వైర్లన్నీ మేకులకెక్కాక హరిబాబు లేచి మూడు గిటార్లనూ బల్ల మీద వరసగా పెట్టాడు. పాతదాన్ని పెడుతూ ఆగాడు. తీగలు తెల్లగా మెరుస్తున్నాయి. నిన్న తను పెళ్ళి పందిట్లో ఉన్నప్పుడు అమలాపురం కుర్రాడెవరో వచ్చి కొత్త తీగల సెట్టు వేసి పోయాడని సత్యప్రసాద్ చెప్పాడు. అమ్మకానికి కాస్త కళగా ఉండాలి కదా బాబాయ్ అన్నాడు. తీసేసిన తీగలు బల్ల కింద ఒక క్యారీబ్యాగులో ఉన్నాయి. హరిబాబుకు కోపం వచ్చింది గాని భయం రాలేదు. తీగలు కొత్తవైతే చెక్క కొత్తదవుతుందా? మూగది మూగదే. ఆ మూగతనమే ఇవాళ కాపాడుతుందని అతని ధైర్యం.

మధ్యాహ్నం బస్సుకు చర్చి వాళ్ళు దిగారు. సాలమోను గారని పెద్దమనిషి, చర్చిలో కీబోర్డు వాయిస్తారు. ఆయన అన్న కూతురు మమత, బడిలో టీచరు, గిటారు వాయించేది ఆ అమ్మాయే. సాలమోను గారికి ఎర్రది చూడగానే నచ్చేసింది. "మన పాస్టరు గారి కారు రంగేనే" అని అటూ ఇటూ తిప్పి చూశారు.

మమత ఒప్పుకోలేదు. "కళ్ళతో చూస్తే నాకూ ఎర్రదే నచ్చుద్ది చిన్నాన్నా. నేనటు తిరిగి నించుంటాను. బాబాయి గారూ, మీరు ఏది వాయిస్తున్నారో చెప్పకుండా ఒకదాని తరవాత ఒకటి వాయించండి."

అలా అని వీధి వైపు తిరిగి, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. తన సాయం అక్కర్లేదని తేలాక సాలమోను గారు పకోడీలు తెస్తానని వెళ్ళారు. సత్యప్రసాద్ ఫోను పట్టుకుని రోడ్డు మీదికి పోయాడు. కొట్లో హరిబాబు, మూడు గిటార్లు, ఆ అమ్మాయి వీపు.

ముందు ఎర్రదానికి స్పీకరు వైరు తగిలించి మీటాడు. రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు పైపైన గలగలలాడింది. లావు తీగ మీద కూడా లోతు దొరకలేదు. తరవాత నల్లది. దాని పొట్టలో బ్యాటరీ ఉంటుంది. కింది స్వరమైనా పై స్వరమైనా ఒకే కొలతలో, బస్టాండు మైకులో ప్రకటన చెప్పే గొంతులా వచ్చింది. తప్పు పట్టడానికీ లేదు, గుర్తు పెట్టుకోవడానికీ లేదు.

మూడోసారి పాతదాని బెల్టు భుజానికి వేసుకున్నాడు. ఎందుకైనా మంచిదని కుడి అరచెయ్యి తీగల మీద ఆనించి, ఉన్న శబ్దాన్ని కూడా నొక్కిపెట్టి మీటాడు.

"చెయ్యి తీసి వాయించండి బాబాయి గారూ" అంది మమత, తిరగకుండానే.

చెయ్యి తీశాడు. లావు తీగ మీటాడు.

రేవులో లాంచీ ఇంజను అందుకున్నప్పుడు బల్ల మీద కూర్చున్నవాడి వెన్నులోకి ఒక వణుకు పాకుతుంది. అలా మొదలైంది. అక్కడితో ఆగలేదు. ఇత్తడి గంగాళం అంచు మీద గరిటె తగిలినట్టు ఒక మోత ఆ వణుకు మీద తేలి, చాలాసేపు నిలిచి, పెట్టెల మధ్య తిరిగి, తగ్గి, ఇంకా మిగిలింది. హరిబాబు రెండో తీగ మీటాడు. మూడోది. తనకు తెలియకుండానే అంతర్వేదిలో వాయించిన వరస వేళ్ళలోకొచ్చింది. అద్దాల గదిలో వాయించిందీ అదే.

ఆపి, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎప్పుడూ ఉండే కొబ్బరినూనె వాసన లేదు. అతనికి అర్థమైంది. చెక్క ఎన్నడూ మూగది కాదు. నూనె ఇంకిన తీగలే మోతను మింగేశాయి. దాని నోట్లో గుడ్డ కుక్కింది తనే, ఇన్నేళ్ళూ, ఎంతో ప్రేమగా.

"మొదటిది వద్దు. రెండోది, మూడోది ఇంకొక్కసారి" అంది మమత.

నల్లది వాయించాడు. పాతది వాయించాడు.

"మూడోదేనండి. ఏదది?"

ఆమె ఇంకా వీధి వైపే చూస్తోంది. బల్ల మీద నల్లది ఉంది, మెడలో పాతది ఉంది. నల్లదాన్ని తీసి చేతికిచ్చి ఇదేనమ్మా అంటే కాదనేవాళ్ళు లేరు. చూసినవాళ్ళు లేరు. రాజోలు బస్సు ఇంజను మోగించుకుంటూ నిలబడి ఉంది. కండక్టరు రెండు కేకలు వేసి బస్సెక్కాడు. బస్సు కదిలి, చీలికలోంచి దాటిపోయింది. హరిబాబు బెల్టు తీశాడు. భుజం మీద నుంచి అది దిగుతుంటే, అలవాటుగా చొక్కా అంచుతో చెక్కను తుడిచాడు.

"ఇదమ్మా."

మమత వెనక్కి తిరిగి, అరిగిన గోధుమరంగు చూసి ఆశ్చర్యపోయింది. ఒళ్ళో పెట్టుకుని లావు తీగ మీటి నవ్వింది. ఇంతకాలం దీన్ని వాయించింది మీరేనా అని అడిగింది.

"వాయించడం కాదమ్మా. పట్టుకున్నాను." అన్నాడు హరిబాబు. "నూనె మాత్రం రాయకండి."

"గిటారుకు నూనె ఎవరు రాస్తారండీ?"

"రాస్తారమ్మా, మన వైపు."

జోకనుకుని ఆ అమ్మాయి ఇంకా నవ్వింది. పకోడీ పొట్లంతో వచ్చిన సాలమోను గారు, ఎర్రది కాదా అని కొంచెం చిన్నబుచ్చుకుని, హరిబాబు చేతిలో కూడా రెండు పకోడీలు పెట్టారు. సత్యప్రసాద్ లోపలికొచ్చి గిటారు సంచీ వెతికిచ్చాడు. జిప్పు సగంలో ఇరుక్కుంటే హరిబాబే లాగి వేశాడు. తరవాతి బస్సుకు వాళ్ళు వెళ్ళిపోయారు. కిటికీ పక్క సీట్లో ఆ అమ్మాయి, ఆ అమ్మాయి ఒళ్ళో నిలువుగా సంచీ. అది వెళ్ళడం చీలికలోంచి ఎంతమేర కనిపిస్తుందో అంతమేరే కనిపించింది.

"ఆ పాతదాన్ని తీసుకెళ్ళేరంటే మామూలోళ్ళు కాదు బాబాయ్" అన్నాడు సత్యప్రసాద్. "ఆలమూరు ఫంక్షనుకి పెట్టెలెక్కించాలి. ఆటో వచ్చేసింది."

"ఆయ్" అన్నాడు హరిబాబు.

పెద్ద పెట్టెను ఎడమ భుజానికెత్తుకోబోయి, మళ్ళీ దించి, బల్ల కిందికి వంగాడు. క్యారీబ్యాగులోంచి పాత తీగలు తీసి, వైర్లు చుట్టినట్టే మెలి పడకుండా చుట్టి, చివర పురికొస కట్టాడు. వైర్ల పక్కన ఒక మేకు ఖాళీగా ఉంటే దానికి తగిలించి, పెట్టె ఎత్తుకుని పక్కకు తిరిగి వీధిలోకి నడిచాడు.

మేకుకు వేలాడుతున్న ఆ నాలుగు తీగల మీద ఎక్కడా తుప్పు మచ్చ లేదు. కొసల్లో మాత్రం కొబ్బరినూనె జిడ్డు కొంచెం మెరుస్తోంది.