పట్టీ కింది వరుస

చర్చి వేదిక మీది పెద్ద బైబిలు అట్ట ఊడిపోతే, పాస్టరుగారు దాన్ని స్వయంగా బైండింగమ్మ దుకాణానికి మోసుకొచ్చారు. ఆవిడకు అది తండ్రి దగ్గర నేర్చుకున్న పని. ఆయన బల్ల మీదే, ఆయన సూదులతోనే యాభై ఆరో ఏడు దాకా నెట్టుకొచ్చింది. ఈ బైబిలును వెనకటికి కుట్టిందీ ఆ తండ్రే.

కొత్త అట్ట వేయమని చెప్పి, పాస్టరుగారు కాస్త నసిగారు. పుస్తకం చివర అతికించి ఉన్న చేతిరాత కాగితాన్ని కూడా తీసేయాలట. ఆవిడ చేతిలో కత్తెర ఆగిపోయింది. ప్రతి భూస్థాపనలోనూ చదివే కాగితం అది. "ఏడవకు. నేను పోవడం లేదు, ముందు వెళుతున్నానంతే. గూడు కుదిరాక వచ్చి తీసుకెళతాను. అంతవరకు తలుపు గడియ వేయకు." ఈ నాలుగు ముక్కలకు సంఘమంతా లేచి నిలబడుతుంది, మోకాళ్ళు పట్టేసిన ముసలమ్మలతో సహా.

పాస్టరుగారు కొత్తవారే గానీ తొందరపాటు మనిషి కాదు. వాక్యం కానిదాన్ని వాక్యంలా చదువుతున్నామనీ, ఆదికాలపు క్రైస్తవ సంఘాల్లోనూ ఇదే చిక్కనీ ఓపిగ్గా చెప్పారు. సంఘాల మధ్య ఎన్నో ఉత్తరాలు తిరిగేవట. ఒకచోట వాక్యమని చదివినదాన్ని మరోచోట పక్కన పెట్టేవారట. ఏ ఒక్కరోజునో నలుగురు కూర్చుని తేల్చిన పని కాదది. ఎవరు రాశారు, అపొస్తలుల నాటి నుంచి వస్తున్నదేనా, అన్ని సంఘాలూ చదువుతున్నాయా అని తరాల తరబడి వాదించుకుని, నిలిచినవాటినే బైబిల్లో చేర్చారట.

మరి దీని గురించి అలా ఎవరూ అడగలేదా అంది బైండింగమ్మ. అడగనే లేదు. ఎప్పుడో ఒక పాస్టరు, భూస్థాపన రోజున పుస్తకం వెనక కనబడితే చదివారు, జనం ఏడ్చారు. రెండోసారి వాళ్ళే చదవమన్నారు. మూడోసారి ఎవరో లేచి నిలబడ్డారు. ఒకడు లేచాక పక్కవాడు కూర్చుంటాడా?

"ఎవరు రాశారో తెలిస్తే నాకూ చెప్పండమ్మా," అని పాస్టరుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఆవిడ పాత కుట్టు విప్పింది. కాగితం పైఅంచు మీద దళసరి పట్టీ అతికించి ఉంది, చిరగకుండా బలానికని అందరూ అనుకునేవారు. తడిగుడ్డ అద్ది, జిగురు నానాక మెల్లగా ఎత్తింది. పట్టీ కింద ఇంకో వరుస ఉంది.

"నా ఉడతా, ఇది నాన్న నీకు చదివి వినిపిస్తాడు."

ఆవిడ ఆ వరుస మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది. ఉడత తనే. అలా పిలిచింది తల్లి ఒక్కతే, అదీ తన నాలుగో ఏట ఇల్లు విడిచి వెళ్ళేదాకా. వెళ్ళేముందు అమ్మ నాకేమైనా చెప్పిందా అని అడిగిన ప్రతిసారీ తండ్రి లేదనే అన్నాడు. అమ్మ వెళ్ళిన వారమే తలుపుకు రెండో గడియ వేయించాడు, దొంగల భయమని. అమ్మ వచ్చిందో, గడియ చూసి వెనక్కి తిరిగిందో ఇక అడగడానికి మనిషి లేడు.

దొంగ చేతికి తాళాలిచ్చినట్టు ఉత్తరం ఆయన చేతికే ఇచ్చింది పిచ్చితల్లి. కాల్చడానికి ఆయనకు చేతులు రాలేదు, ఇవ్వడానికి మనసు రాలేదు; పైవరుస కప్పి, కుట్టడానికొచ్చిన చర్చి బైబిలు చివర అతికించేశాడు. పట్టీ అంచు మాత్రం ఎంత తిన్నగా కోశాడో, పనిమంతుడు! ఎన్ని భూస్థాపనల్లో తన చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడి ఇది విన్నాడు! ఆయన భూస్థాపన రోజున అందరికంటే ముందు లేచి నిలబడింది తనే.

ఏమైందమ్మా అని పాస్టరుగారు రెండుసార్లు అడిగారు.

"మా అమ్మ రాసింది. నాకు."

పాస్టరుగారు వంగి పట్టీ కింది వరుస చదివారు. ఈ కాగితం మీదేనమ్మా, తీసుకోండి అన్నారు.

"తీసుకుంటానండీ. ఈ ఆదివారం మాత్రం ఒక్కసారి మొదటి వరుసతో కలిపి చదవండి," అంది బైండింగమ్మ. "నిలబడేవాళ్ళు నిలబడనీండి. నేను కూర్చుని వింటాను."