ఎర్ర అట్ట

గోటితో పిన్ను పీకడం, కాగితాల అంచులు తట్టి సర్దడం, స్కానింగ్ మిషన్ నోటికి అందించడం, అవతల పడ్డవాటికి మళ్ళీ దారం కట్టి బీరువాలో పెట్టడం. పొద్దున్న ఎనిమిదిన్నర నుంచీ ఫైళ్ళక్క చేస్తున్న పని ఇదే. ఫ్యాన్లు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. సిబ్బంది ఫైళ్ళ గది ముప్పై ఏళ్ళుగా ఆమెది. కిటికీ లేని గది, నాలుగు ఇనప బీరువాలు, ఒక కుంటి కుర్చీ. ఆ కుర్చీ కాలికింది చెక్కముక్కకు కూడా పెన్షన్ ఇవ్వాల్సినంత సర్వీసుంది.

ఆ సాయంత్రం ఐదింటికి కంప్యూటర్ గడువు ముగుస్తుంది. ఎక్కించిన కాగితాలన్నీ అదే చదివి, అదే మార్కులు వేసి, మూడు వందల పన్నెండు మందిలో అడుగున మిగిలిన నలభై మందిని ఇంటికి పంపమంటుంది. ఫైళ్ళక్కకు ఆ భయం లేదు. ముప్పై ఏళ్ళలో ఒక్క మందలింపు కాగితం లేదు. ఈ గది ఎత్తేసినా ముందు హాల్లో ఎక్కడో ఒక కుర్చీ వేయకపోరని ధీమా. భర్త పోయాక తనకూ, తనతో ఉండే ఆడపడుచుకూ ఆ ఉద్యోగమే తిండి.

రెండున్నరకు చివరి బీరువా తెరిచింది. వరసలో తన పేరు దగ్గరికి వచ్చేసరికి ఫైలుకు బదులు ఎర్ర అట్ట చేతికి తగిలింది. ఫైలు బయటికి వెళ్తే దాని చోట్లో ఎర్ర అట్ట నిలబడాలి, ఎవరు తీసుకెళ్ళారో, ఎప్పుడు తిరిగొచ్చిందో దాని మీద రాయాలి. ఆ నియమం పెట్టింది ఆమే. పెద్ద సారు చేత కూడా అట్ట రాయించిన మనిషి. ఈ అట్ట మీది రాత ఆమెదే. పుట్టిన తేదీ తప్పుపడిందని, సరైన కాగితాలు జతచేద్దామని కిందటేడు ఫైలు ఇంటికి తీసుకెళ్ళి మర్చిపోయింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

మేనేజరమ్మ దగ్గరికి పరుగెత్తింది. కూతురి వయసు పిల్ల, నాలుగు రోజులుగా నిద్ర లేక కళ్ళు లోపలికి పోయాయి.

"ఫైలు ఎక్కని వాళ్ళకి సున్నా పడుతుందక్కా. ముందు సున్నాలే పోతాయి. నేను ఆపలేను. మార్కులు పడే ఆ మూడు వందల పన్నెండు మందిలో నా పేరూ ఉంది" అంది ఆ పిల్ల తల ఎత్తకుండా.

ఫైళ్ళక్క ఇంటికి ఫోను చేసింది. "బీరువా మీద దుప్పట్ల కింద గోధుమరంగు ఫైలుంది. పట్టుకొచ్చెయ్."

"పెళ్ళికొడుకు ఫొటోలా దుప్పట్ల కింద దాచావేంటి వదినా?"

"నీ హాస్యం తర్వాత. ఐదు లోపల అది ఇక్కడ లేకపోతే నా ఉద్యోగం ఉండదు."

అవతల నవ్వు ఆగిపోయింది. "చెప్పులేసుకుంటున్నా. నాలుగున్నరకి నీ ముందుంటా."

బస్సు దొరికిందా, ఎంతవరకు వచ్చిందని మాటిమాటికీ చూస్తూ కూర్చుంటే పని సాగదు. ఫోను నోరు నొక్కి సొరుగులో పడేసింది.

మోటార్లకు తీగ చుట్టే అతని ఫైలు తీసింది. చెప్పకుండా మానేశాడని రెండు మందలింపులు. అవి తెర మీద నల్లగా, స్పష్టంగా వచ్చాయి. వెనకవైపు తెల్లగా వచ్చింది. కాగితం తిరగేసి చూసింది. పెన్సిలు రాత మాసిపోయినా చదవడానికి వీలుగానే ఉంది: 'సోమ, గురువారాలు భార్యకు డయాలసిస్. పాత మేనేజర్ గారు నోటిమాటగా సెలవు ఒప్పుకున్నారు.' మిషన్‌కు మాత్రం అది కనపడలేదు.

ఆ పెన్సిలు రాత ఫైళ్ళక్కదే. ఉద్యోగంలో చేరిన రోజు హెడ్ క్లర్కు చెప్పాడు: "సిరా ఆఫీసర్లది, పెన్సిలు నీది." ముప్పై ఏళ్ళు ఆ మాట జవదాటలేదు. ఎవరు ఎందుకు ఆలస్యమయ్యారో, ఎవరి తప్పు ఎవరి మీద పడిందో అంతా పెన్సిలుతోనే రాసింది. అలాంటివి నలభై మూడు ఫైళ్ళు. చాలావరకు ఈపాటికే తెల్ల వీపులతో లోపలికి వెళ్ళిపోయాయి.

"వీటి మీద సిరాతో దిద్దాలమ్మా" అంది మేనేజరమ్మ బల్ల మీద ఆ కాగితం పెట్టి.

"అలా దిద్దొచ్చా?"

"రూల్లో లేదు. కానీ నిజం."

ఆ పిల్ల కాగితం చదివింది, గడియారం చూసింది, తన పెన్ను తీసి ముందుకు జరిపింది. "కింద మీ సంతకం, ఈరోజు తేదీ వెయ్యండి. ఎవరు దిద్దారో తెలియాలి."

మూడూ పది. దిద్దడం, సంతకం, తేదీ, మిషన్. చేయి వణికితే పాత రాత మీంచి సిరా జారిపోతుంది, అందుకని ఊపిరి బిగబట్టి దిద్దింది. నాలుగున్నర అయింది, ఆడపడుచు రాలేదు. గేటు దాకా వెళ్ళి రావాలంటే ఇరవై నిమిషాలు. ఇంకా తొమ్మిది ఫైళ్ళున్నాయి. కుర్చీలోంచి సగం లేచింది. లేచిన మనిషి పైనున్న ఫైలు మీద పేరు చదివి, పాడు కళ్ళు చదవకుండా ఉన్నా బాగుండేదనుకుని, మళ్ళీ కూర్చుంది.

ఆఖరి కాగితం లోపలికి వెళ్ళేసరికి ఐదుకు మూడు నిమిషాలుంది. తలుపు వైపే చూస్తూ నిలబడింది. ఐదింటికి తెర మీద 'గడువు ముగిసింది' అని పడింది.

పది నిమిషాల తర్వాత తలుపు తోసుకుని ఆడపడుచు వచ్చింది, గుడ్డసంచిని గుండెకు హత్తుకుని, ఆయాసపడుతూ. వెనక మోటార్ల అతను.

"నాలుగుంపావు నుంచీ గేటు దగ్గరే ఉన్నా వదినా! ఎన్నిసార్లు ఫోన్ చేశాను! ఆ మిషన్ నా మొహం చూసి గుర్తించలేదు, గుర్తించలేదు అంటుంది. కాపలా గదిలో ఒక్క మనిషి లేడు!"

గేటు కాపలా అతన్ని పోయిన నెలే తీసేశారు. ఆ కాగితం ఫైల్లో కుట్టింది ఫైళ్ళక్కే.

"షిఫ్టు దిగి వస్తుంటే కనపడ్డారక్కా. మీ మనిషని చెబితే తీసుకొచ్చాను. మంచిపనే చేశానా?" అన్నాడు మోటార్ల అతను.

"మంచిపనే చేశావు నాయనా. నీ భార్య ఎదురు చూస్తుంటుంది, వెళ్ళు."

ఐదున్నరకు ఇంటికి పంపే నలభై మంది జాబితా వచ్చింది. అందులో మోటార్ల అతను లేడు. అందరికంటే పైన ఎవరూ పిలవని పేరొకటి ఉంది. మేనేజరమ్మ ఆ పేరు దగ్గర వేలు పెట్టి పైకి చదవలేకపోయింది.

"ముప్పై ఏళ్ళలో మొదటిసారి ముందు వరసలోకి వచ్చానమ్మా" అని నవ్వబోయింది ఫైళ్ళక్క. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఆ పిల్ల చేయి ఒకసారి గట్టిగా పట్టుకుంది. తర్వాత పెన్ను తుడిచి తిరిగి ఇచ్చింది, తాళాలు బల్ల మీద పెట్టింది.

"ఇంత కష్టపడి తెచ్చాను, దీన్ని లోపల పెట్టి రావచ్చుగా వదినా" అంది ఆడపడుచు.

"ఇటివ్వు. నీ మోకాళ్ళకి బరువు" అని సంచి తన భుజానికి తగిలించుకుంది. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని మెట్లు దిగారు.

చివరి బీరువాలో రెండు లావు ఫైళ్ళ మధ్య ఎర్ర అట్ట నిలబడే ఉంది. దాని మీద పెన్సిలుతో ఆమె పేరు, తీసుకెళ్ళిన తేదీ, పక్కన తిరిగొచ్చిన తేదీ కోసం గీసిన ఖాళీ గడి.