సూపరింటెండెంటు గారింట్లో మల్లిగాడు

ఆ ఆదివారం ఆశేర్ రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు. పొద్దున చర్చికి, మధ్యాహ్నం టీవీకి. టీవీలో కనిపించబోయేది పదమూడేళ్ళ కిందటి ఆశేర్ కదా, ఇప్పటి గడ్డాన్ని అందులో ఎవరు చూస్తారని డోర్కాస్ అడగలేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె అడగకుండా వదిలేసిన ప్రశ్నలన్నీ కలిపి కుట్టిస్తే బైబిలంత లావు పుస్తకం అయ్యేది.

సంగతేమిటంటే, 1985లో టీవీలో 'సూపరింటెండెంటు గారిల్లు' అని ఒక హాస్య సీరియల్ వచ్చింది. అందులో సూపరింటెండెంటు గారి ఇంట్లో పనివాడు మల్లిగాడు. ఆ మల్లిగాడే మన ఆశేర్. క్రిస్మస్ నాటకంలో గొల్లవాడి వేషం వేస్తుంటే ఎవరో చూసి పట్నం తీసుకుపోయారు. నాలుగు వారాలు కనిపించాడు. అప్పటి నుంచి మండలాఫీసులో గుమాస్తాగా ఎన్ని కాగితాలు రాసినా, శంషాబాదు బస్టాండులో మాత్రం అతను మల్లిగాడే. పెళ్ళయినా, పేరు పెట్టినా, చర్చి పండుగయినా, భోజనాల తర్వాత ఎవరో ఒకరు "అన్నా, జర మల్లిగాన్ని చెయ్యే" అనాలి. ఆశేర్ వద్దు వద్దంటూనే భుజం మీది తువ్వాలు నడుముకు చుట్టాలి. ఊరికి విమానాశ్రయం వస్తుందన్న మాట ఈమధ్యనే పుట్టింది. అది విన్నప్పుడల్లా ఆశేర్, "వస్తే రానియ్యి. శంషాబాదుల ఆకాశం నుంచి దిగిన మొదటోన్ని నేనే" అని యాంటెన్నా వైపు చూపించేవాడు.

ఇన్నేళ్ళకు ఆ సీరియల్‌ను మళ్ళీ వేస్తున్నారని పేపర్లో వచ్చింది. ఆదివారం నాలుగు గంటలకు.

"నా బిడ్డ చూస్తది," అన్నాడు ఆశేర్, పేపరు మడత పెడుతూ. "గప్పుడు ఐదేండ్లది. నేను టీవీల వచ్చినప్పుడల్ల నిద్రపోయింది. నువ్వు లేపుతే లెవ్వలే. ఇప్పుడు చూసి ఒక్కసారి నవ్విందనుకో డోర్కా, నాకింకేం వద్దు."

డోర్కాస్‌కు భయం పట్టుకున్నది అక్కడే.

ఎందుకంటే వినీలకు ఇప్పుడు పద్దెనిమిదేళ్ళు. పట్నంలో డిగ్రీ చదువుతోంది. క్లాసులో ఈ పిల్ల ఇంటి యాసలో నోరు తెరిస్తే పక్కనున్నవాళ్ళు, "ఏదీ, ఇంకోసారి అను" అని ముసిముసిగా నవ్వుతారట. మొదట్లో ఇంటికొచ్చి ఏడ్చింది. తర్వాత ఏడుపు మానేసి పోట్లాట నేర్చుకుంది. సీరియల్లో తండ్రి వేషం, ఆ దెబ్బలు ఎట్లా ఉండేవో పక్కింటి శివమ్మత్త ఎప్పుడో చెప్పింది ఆమెకు.

"మన మాట మాట్లాడేటోడు పనోడు. సారు మాట మాట్లాడేటోడు సారు. మాటకోసారి పేపరు తోని దెబ్బలు. గిది జోకా మమ్మీ?" అని శనివారం నాడు వంటింట్లోనే తేల్చేసింది. "నేను నవ్వ. నవ్వకుంట కూసుంటే మొకం చూస్తడు. ఎందుకు నవ్వుతలేవు అంటడు. చెప్త."

"చెప్పకు."

"అబద్ధం ఆడాల్నా?"

పదిహేనేళ్ళు సండే స్కూలులో ఆ ప్రశ్నకు జవాబు నేర్పిన మనిషి డోర్కాస్. ఇప్పుడు ఉల్లిగడ్డలు తరిగింది.

ముందు, పిల్లను బడంగ్‌పేట్‌లో తన చెల్లెలింటికి పంపుదామని చూసింది. ఆశేర్ ఒప్పుకోలేదు. "ఈ వారం పోవుడేంది, వచ్చే వారం పొమ్మను." దాంతో డోర్కాస్, ఆదివారం భోజనాలయ్యాక ఆరేసిన బట్టలు తేవడానికని మిద్దె ఎక్కింది. బట్టలు తీసింది. తర్వాత కొంగు నడుములో దోపి, యాంటెన్నా గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని తుక్కుగూడ వైపు ఒక జానెడు తిప్పింది. తుక్కుగూడ వైపు ఏ టీవీ వాళ్ళూ లేరని ఆమెకు బాగా తెలుసు. ఆమె బి.ఏ. చదివింది, కాకపోతే చరిత్ర. యాంటెన్నా తిప్పితే బొమ్మతో పాటు మాట కూడా పోతుందని అనుకోవడం ఆ చదువు చేసిన లోపం.

నాలుగయ్యేసరికి ముందు గది నిండింది. పక్కింటి కుర్మయ్య పొలం నుంచి నేరుగా వచ్చి చాప మీద కూర్చున్నాడు. అతని భార్య శివమ్మ గోడకు ఆనుకుంది. వెనక గదుల్లో కిరాయికి ఉండే కనకదుర్గ టీచరు కృష్ణా జిల్లా మనిషి. మర్యాదస్తురాలు కనుక తన కుర్చీ తానే తెచ్చుకుంది. డోర్కాస్ గిన్నె నిండా ఉడికించిన శనగ గుడాలు పోపు వేసి పెట్టింది. ఆశేర్ ఇస్త్రీ చొక్కాతో టీవీకి ఎదురుగా కూర్చున్నాడు. వినీల గడపలో చేతులు కట్టుకుని నిలబడింది. ఆ కట్టుకోవడం చూస్తేనే డోర్కాస్‌కు అర్థమైంది, పిల్ల ఉపన్యాసం మొత్తం తయారు చేసుకుని వచ్చిందని.

టీవీ పెట్టారు. తెర నిండా చీమలు.

"అరె!" అన్నాడు ఆశేర్.

"నేను చూస్త ఆగు," అని కుర్మయ్య మిద్దె ఎక్కాడు. పైనుంచి "వచ్చిందా?" అంటాడు. కింద శివమ్మ "రాలే!" అంటుంది. "ఇప్పుడో?" "ఇంకింత పోయింది!" కుర్మయ్యది నాగలి పట్టిన చేయి. డోర్కాస్ జానెడు తిప్పితే అతను మూరెడు తిప్పాడు. డోర్కాస్ మనసులోనే దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటుండగా, చీమల మధ్య నుంచి గొంతు వినబడింది, గంట కొట్టినట్టు.

"ఒరేయ్ మల్లిగా! ఎక్కడ చచ్చావురా?"

"నా సీనే!" ఆశేర్ కుర్చీలోంచి లేచాడు. "కుర్మన్నా, దిగు దిగు, ముట్టకు! మాటొస్తున్నది. అందరు సప్పుడు చెయ్యకుండ్రి!"

టీవీలో పడుచు ఆశేర్ గొంతు అన్నది: "ఈడనే ఉన్న సారూ."

టీవీలో జనం ఘొల్లున నవ్వారు.

"ఏం చేస్తున్నావు?"

"నీళ్ళు తోడుతున్న."

ఇంకా పెద్ద నవ్వు. కనకదుర్గ టీచరు కూడా కిసుక్కుమన్నది. చుట్టూ చూసి, దాన్ని దగ్గుగా మార్చుకుంది.

"మబ్బు పట్టింది సారూ, బట్టలు తియ్యన్నా?"

ఈసారి నవ్వు ఆగలేదు. కుర్మయ్య అప్పుడే మెట్లు దిగి గుమ్మంలోకి వచ్చాడు.

"ఎందుకు నవ్వుతున్నరు వాళ్ళు?"

"జోకు," అన్నాడు ఆశేర్.

"ఏడున్నది? బట్టలు తడుస్తయన్నడు, గంతే గద."

"మంచి మాటే చెప్పిండు గద పాపం," అన్నది శివమ్మ. "తియ్యకపోతే గా సారే తిడ్తడు."

"ఆగుండ్రి, జోకు ఇప్పుడొస్తది," అని ఆశేర్ చెవి టీవీకి దగ్గర పెట్టాడు. ఛట్ మని పేపరు దెబ్బ వినబడింది. ధబ్బున ఏదో పడింది. మళ్ళీ నవ్వు. "చూసిండ్రా! గదే. పేపరు తోని కొడతడు. దెబ్బ తాకది, ఉత్తగనే. నేను గిరగిర తిరిగి పడ్త. బొమ్మ ఉంటే మీకు తెలుస్తుండె." కానీ ఆ తర్వాత మల్లిగాడు లేచి "జర నీళ్ళియ్యిండ్రి" అన్నాడు. దానికీ నవ్వారు. ఆశేర్ మెల్లగా వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

పదమూడేళ్ళ కింద ఈ సీరియల్‌ను ఊరంతా గ్రామ పంచాయతీ టీవీలో చూసింది. ఆశేర్ కనిపించగానే ఈలలు, కేకలు. అతన్ని భుజాల మీదికి ఎత్తారు. ఒక్క ముక్క ఎవరికీ వినబడలేదు, అతనికి కూడా. ఇప్పుడు వింటున్నాడు. బొమ్మ ఉండి ఉంటే అతని పడుచు మొహాన్ని, ఆ గిరగిర తిరగడాన్ని చూసి అందరూ మురిసిపోయేవారు, మాట పక్కకు పోయేది. తాను మరుగు చేద్దామనుకున్నదాన్ని తానే ఒలిచి గది మధ్యలో పెట్టిందని డోర్కాస్‌కు అర్థమైంది. చేసిన పని చెప్పేద్దామా అనుకుంది. గుడాల గిన్నె అందరికీ మరోసారి తిప్పింది.

వినీల గడపలోంచి కదిలింది. ఉపన్యాసం ఇప్పుడొస్తుందని డోర్కాస్ కళ్ళు మూసుకుంది. తెరిచి చూస్తే పిల్ల తండ్రి కుర్చీ పక్కన కింద కూర్చుని ఉంది.

"డాడీ, నువ్వు చేసినప్పుడు గీ నవ్వులు ఉండెనా?"

"లేవు బిడ్డా. గవి మల్ల కలుపుతరు."

"మరి నీకేమన్నరు?"

"ఏమంటరు? నీ ఇంట్ల ఎట్ల మాట్లాడ్తవో గట్లనే మాట్లాడు అన్నరు." ఆశేర్ మోకాలి మీది తువ్వాలు సర్దుకున్నాడు. "మాట్లాడిన."

వినీల లేచి టీవీ కట్టేసింది. చీమలన్నీ ఒక చుక్కలోకి పోయాయి. కుర్మయ్య గుప్పెడు గుడాలు నోట్లో వేసుకున్నాడు.

"ఇయాల పడ్డది మాత్రం చూడలే మేము," అన్నాడు నములుతూ. "చేసి చూపియ్యి ఆశేరన్నా."

"ఇప్పుడెందుకులే."

"చెయ్ డాడీ," అన్నది వినీల. "పడుడు ఒక్కటే. మాట నేను చెప్త."

"సారు ఎవరు మరి?"

అందరూ కనకదుర్గ టీచరు వైపు చూశారు. ఆవిడ తన దగ్గుకు ప్రాయశ్చిత్తం కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంది. పేపరు చుట్టి చేత పట్టింది. "మా పెద్దమామగారు అచ్చం ఇలాగే ఉండేవారండీ," అని కళ్ళజోడు ముక్కు చివరికి జార్చింది. "ఒరేయ్ మల్లిగా! కాఫీ చల్లారిపోయిందేమిట్రా?"

కుర్మయ్య చాప మీద వెల్లకిలా పడి నవ్వాడు. శివమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఏమిట్రా అట! ఇంకోసారి అనమ్మా, ఇంకోసారి!"

టీచరు కళ్ళజోడు తీసింది. "అంత నవ్వడానికి నేనేమన్నానండీ? కాఫీ చల్లారిందన్నానంతేగా."

కుర్మయ్య నవ్వు సగంలో ఆగింది. అందరికంటే ముందు వినీల మొహం ఎర్రబడింది. ఆమె కూడా నవ్వబోయి పెదవి కొరుక్కున్నది మరి, డోర్కాస్ చూసింది. డోర్కాస్ చూడనిది ఆ ఇంట్లో ఏదీ లేదు.

"తప్పయింది టీచరమ్మా," అన్నాడు కుర్మయ్య.

"తప్పుకేం లెండి. కాఫీ మాత్రం నిజంగానే చల్లారింది," అన్నదావిడ. "జవాబు చెప్పరా మల్లిగా."

తండ్రి వెనక నిలబడి వినీల గొంతు ఇచ్చింది. "పొద్దుగాల పోసిస్తే ఇప్పటిదాంక పేపరు సదువుకుంట కూసుంటివి. సల్లారక ఏమైతది సారూ?"

"ఎదురు చెబుతావురా!" టీచరు పేపరు ఎత్తింది. కొట్టలేదు, గాలిలో ఊపింది. అయినా ఆశేర్ పడ్డాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కాతో సహా రెండు చుట్లు గిరగిర తిరిగి, ఒక చేత్తో కుర్చీని, ఇంకో చేత్తో ఏమీ లేని గాలిని పట్టుకోబోయి, ఏదీ దొరకక, గుడాల గిన్నె పక్కకు వచ్చి, తప్పించుకుని, మళ్ళీ దాని మీదికే వచ్చి, ధబ్బున కూలాడు. శనగలు టీవీ కిందికి దొర్లిపోయాయి.

వినీల నవ్వింది. నవ్వకూడదని చేతులు కట్టుకోబోయింది, అవి కట్టుకోలేదు. గోడ పట్టుకుని కిందికి జారి, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుండగా, "డాడీ... గిన్నె... గిన్నె చూసి మల్ల మీదికే..." అని ఆపై మాట రాక నేల మీద కొట్టింది.

ఆశేర్ కదల్లేదు. నిజంగా తగిలిందేమోనని డోర్కాస్ గబగబా వచ్చి వంగింది. అతను ఒక కన్ను తెరిచాడు.

"నవ్విందా?"

"నవ్వింది. ఇగ లెవ్వు."

"జర సేపాగు," అని ఆశేర్ కన్ను మూసుకున్నాడు. "ఇంక నవ్వుతనే ఉన్నది గద."