రెండు గంటల దూరం

ఆ ఉదయం మబ్బు కొండల మీద నుంచి దిగి మా దీవిలోని లంబాలైన్ ఇళ్ల కప్పుల మీద కూర్చుంది. గాలి ఆడలేదు. విమానాశ్రయం గోడ మా పెరటిని ఆనుకునే ఉంటుంది. ఆ గోడే కనబడలేదు.

భీమిలి పక్క మా ఊళ్లో అక్క గురువమ్మ రాత్రి పోయింది. పుట్టింటి చీర కప్పందే ఆడమనిషి శవాన్ని ఎత్తరు. ఆ పుట్టింట్లో మిగిలింది నేనొక్కణ్ణే. చీర అంచుకు పసుపు రాసి సంచిలో పెట్టుకుని బయలుదేరాను.

అక్క మంచం పట్టిందని తెలిసినప్పుడే విశాఖ ఓడ ఎక్కుతానన్నాను. అల్లుడు గురునాథం ఇక్కడే పుట్టి పెరిగినవాడు. నవ్వాడు.

"ఓడలో మూడు రోజులు క్యోం మామయ్యా? ప్లేన్‌లో దో ఘంటా. ఎప్పుడంటే అప్పుడు ఎగిరిపోవచ్చు."

ఓడ నేను లేకుండానే పోయింది.

ఇద్దరం విమానాశ్రయంలో కూర్చున్నాం. విశాఖ నుంచి రావలసిన విమానం నెత్తిమీదికి వచ్చింది. చప్పుడే గాని రెక్క కనబడలేదు. ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. ఆ చప్పుడు పడమరకు మళ్లి, సన్నబడి, ఆగిపోయింది.

గురునాథం కౌంటర్ దగ్గర అడిగి వచ్చాడు.

"మౌసమ్ ఖరాబ్ అంట. విశాఖకే వాపస్ పోయింది. రేపటికి టికెట్ ఇస్తారంట మామయ్యా."

"రేపటిదాకా మా అక్కని ఉప్పులో వేసి ఉంచుతారేట్రా?"



ఫోన్ మోగింది. అక్క కొడుకు దానయ్య.

"ఎక్కీసినావా మావయ్యా?"

"విమానం దిగనేదురా. మబ్బు."

వాడి వెనక బావ లక్ష్ముడి గొంతు వినబడింది. "రెండు గంటల దారి రానేకపోనాడా? మబ్బంట మబ్బు! ఆడి కోసరం శవాన్ని ఉంచీదేటి? నూకన్నని పిలండి. ఆడే తమ్ముడి సోటున నిలబడి సీర కప్పుతాడు."

నూకన్న పక్కింటివాడు. మా అక్క చేతి కూడు ఒక్కపూట తిన్నవాడు కాడు.

మా నాన్న పోయినప్పుడు నాకు కబురు అందేసరికి దినాలు కూడా అయిపోయాయి. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. సముద్రం అవతల ఉన్నాడు, ఏం చేస్తాడు అన్నారు. ఇప్పుడా సముద్రాన్ని రెండు గంటలు చేసి పెట్టారు. రాకపోతే తప్పు నాదయింది.

"బావా, నా మాట విను," అన్నాను. అవతల ఫోన్ పెట్టేశారు.

మధ్యాహ్నానికి మబ్బు విడిపోయింది. సిగ్గులేని ఎండ కాసింది. ఇంటికి చేరి మైలస్నానం చేసి వచ్చేసరికి నా భార్య తవిటమ్మ మూడు కంచాలు పెట్టింది. గురునాథం ఎదురుగా కూర్చున్నాడు. చీర సంచి మా ఇద్దరి మధ్యా నేల మీదే ఉంది. వాడు దాన్ని పక్కకు జరపబోయి నా మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అన్నం, చారు. ముగ్గురం తలలెత్తకుండా తిన్నాం.