అరవై నాలుగు ఊళ్ల ఆత్మబంధువు

హన్మకొండలోని ఆ ప్రైవేటు దవాఖానకు నాలుగంతస్తులు, రెండు లిఫ్టులు, ఒక సారంగపాణి ఉన్నారు. లిఫ్టుల్లో ఒకటి ఏనాడూ పనిచేయలేదు. సారంగపాణి మాత్రం ఏనాడూ పని మానలేదు.

అతని హోదా పీఆర్వో. పరకాల మొదలు వర్ధన్నపేట దాకా అరవై నాలుగు ఊళ్లలో, పట్టా లేకుండానే సూదులు వేసి గ్లూకోజు ఎక్కించే ఆర్‌ఎంపీలను ప్రసన్నం చేసుకొని, వారి చేయి దాటిన రోగులను తన దవాఖాన వైపు మళ్లించడం అతని రాజకార్యం. తక్కిన దవాఖానల ప్రతినిధులు ఈ దిగ్విజయాన్ని కవర్లతో సాధించబోయి భంగపడ్డారు. ఏ కవరుకైనా దానికన్నా బరువైన కవరు ఒకటి వెనకాలే వస్తుందని గ్రహించినవాడు సారంగపాణి ఒక్కడే. అందుచేత అతడు కవరు ఇవ్వలేదు, తనను తాను ఇచ్చుకున్నాడు.

ఆర్‌ఎంపీ ఇంట్లో బర్రె ఈనితే వెళ్లాడు, బర్రె చస్తే వెళ్లాడు. వారి కూతుళ్ల పరీక్షల తేదీలు, తల్లుల మోకాళ్ల నొప్పులు, అన్నదమ్ముల పొలం గెట్టు పంచాయితీలు అతనికి వేదంలా కంఠస్థం. ఎవరి గడప తొక్కినా ముందుగా ఫోను బండి డిక్కీలో పెట్టి తాళం వేసేవాడు. ఎదుటి మనిషి మాట్లాడుతుండగా ఫోను వైపు చూడడం అతని ధర్మశాస్త్రంలో మహాపాతకం. అన్నిటినీ మించి, చదువుకున్న లోకమంతా మరేదో పేరుతో పిలిచే ఆ మనుషులను అతడు నోరారా ‘డాక్టర్ సాబ్’ అని పిలిచాడు. ఇదంతా నటన అని శంకించే పాఠకులకు సవినయంగా మనవి: కాదు. అతడు వాళ్లను నిజంగానే ప్రేమించాడు. ఉత్త నటుడై ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు.

ఊరికొకరు చొప్పున ఉన్న ఆ అరవై నలుగురిలో అగ్రగణ్యుడు సారయ్య. ఊరు హసన్‌పర్తికి అవతల. సారంగపాణి అక్క చిలుకమ్మ మెట్టినదీ ఆ ఊరే. తల్లి పోయిన నాటి నుంచి పొలాల్లో కైకిలి కూలి చేసి తమ్ముణ్ని డిగ్రీ గట్టెక్కించిన అక్క.

సారయ్యకు ముప్పై ఏళ్ల అనుభవంలో మూడు విద్యలు పట్టుబడ్డాయి: సూది వేయడం, గ్లూకోజు ఎక్కించడం, తన వల్ల కానిదాన్ని చూడగానే గుర్తుపట్టడం. మూడోదే అసలైన వైద్యం. పాముకాటు వచ్చిందంటే ఆయన మంత్రగాణ్ని దగ్గరికి రానివ్వకుండా, క్షణం ఆలస్యం చేయకుండా ప్రభుత్వ పెద్ద దవాఖానకు తోలేవాడు. విరుగుడు మందు అక్కడ ఉంటుందని ఆయనకు తెలుసు. ఆ విద్య మీద సారంగపాణి ఆరేళ్లపాటు ఓపికగా ఒక కొత్త సూత్రాన్ని పేర్చాడు: కేసు ఏదైనా సరే, మన దగ్గరికే. దవాఖానలో ఏమేమి ఉన్నాయో రంగుల కరపత్రాలు ఘోషించాయి. ఏమేమి లేవో చెప్పే కరపత్రాన్ని ఎవరూ అచ్చు వేయించలేదు. పాము మందు లేదని సారంగపాణికి తెలుసు. ఆత్మీయ సంభాషణలో ఆ సంగతికి చోటు దొరకలేదు, అంతే.

కార్తీకంలో ఒకనాడు, ఉదయం పదకొండు గంటల వేళ, పత్తి ఏరుతున్న చిలుకమ్మ మడమ మీద నాగుపాము కాటు వేసింది. సారయ్య బండి మీద వచ్చి గాట్లు చూశాడు. ముప్పై ఏళ్ల అనుభవం ఆయన నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

“పెద్ద దవాఖానకు పోదాం డాక్టర్ సాబ్, జల్ది” అన్నాడు చిలుకమ్మ భర్త ఓదెలు, ఆమెను ఆటోలో కూర్చోబెడుతూ.

“నీకేమన్న మతిపోయిందా ఓదెలూ? తమ్ముని దవాఖాన ఉండంగ ఆయన అక్కను ఇంకోకాడికి తోలుతనా? రేపు నా మొఖం ఆయనకెట్ల సూపియ్యాలె?”

ఆటో హన్మకొండ వైపు సాగుతుండగా సారయ్య పదకొండుసార్లు ఫోను చేశాడు. ఆ సమయాన సారంగపాణి వర్ధన్నపేట దగ్గర శ్రీనివాస్ అనే కుర్ర ఆర్‌ఎంపీ బిడ్డ తొట్టెల ఫంక్షన్‌లో కూర్చొని, ఆ ఇంటి ముసలమ్మ చెబుతున్న కాన్పు కథను శ్రద్ధగా ఆలకిస్తున్నాడు. ధర్మం తప్పని ఫోను డిక్కీలో మోగి మోగి ఊరుకుంది.

దవాఖాన కూడా తన మర్యాద తప్పలేదు. పీఆర్వో గారి అక్క అని వినగానే చక్రాల కుర్చీ పరుగున వచ్చింది, ఏసీ గది తెరుచుకుంది, అడ్వాన్సు ఎవరూ అడగలేదు. రక్తం తీశారు, ఈసీజీ తీశారు. ‘ఆ మందు మా దగ్గర లేదు’ అనే అయిదు ముక్కలు పలకడానికి తగిన హోదా గల డాక్టరు గారు విచ్చేయడానికి యాభై నిమిషాలు పట్టింది. అప్పటికి చిలుకమ్మ కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దగా మారి, ఊపిరి వెతుక్కోవలసి వస్తున్నది. పెద్ద దవాఖానకు అంబులెన్సు కదిలింది. ములుగు రోడ్డు దాటకముందే దాని పని అయిపోయింది.

పదకొండో రోజున ఓదెలు ఇంటి ముందు టెంటు కింద అరవై నలుగురూ హాజరయ్యారు. దవాఖాన డైరెక్టరు రాజేశ్వర్ రావు గారు స్వయంగా దయచేసి, బారులు తీరిన బండ్లను తనివితీరా చూసి, సారంగపాణి భుజం తట్టారు.

“బాధల ఉన్నవ్ గని ఒక్కమాట జెప్త పాణీ. కార్పొరేట్ హాస్పిటళ్లకు గూడ ఇసొంటి నెట్‌వర్క్ లేదయ్యా.”

సారంగపాణి తల వంచుకున్నాడు. అతని కళ్లు సారయ్యను వెతుకుతున్నాయి. ఈ పది రోజులూ ఆ ఇంటి పనంతా చేసింది సారయ్యే. కట్టెలు కొట్టించాడు, టెంటు వేయించాడు, ఓదెలుకు అన్నం కలిపి పెట్టాడు. ఇప్పుడు వడ్డన మధ్యలో వచ్చి, అందరూ వింటుండగా సారంగపాణి ఎదుట నిలబడ్డాడు.

“తమ్మీ, ఊరంత నన్నే అంటాండ్రు. పెద్ద దవాఖానకు తోలితే బతుకుతుండె అంటాండ్రు. నేనేమన్న? పెద్ద దవాఖాన తొవ్వలనే పోతుండెరా, మన కాడికి తోలుకపోబట్టి గంటసేపన్న పాణం నిలవడ్డది అన్న. నేనన్నది కరెక్టే గద?”

సారయ్య భోజనాల వరుస వైపు చేయి చూపాడు.

“చెల్లె పేరు మీద చెప్తాన. ఇప్పటిసంది ఒక్క పాముకాటు గూడ మన దవాఖాన దాటిపోదు. వీళ్లందరికి గూడ చెప్పిన. సరే అన్నరు.”

ఆరేళ్ల తపస్సు ఇంత సంపూర్ణంగా ఫలించిన దాఖలా ప్రజాసంబంధాల చరిత్రలో అరుదు. ‘కరెక్టే’ అనే ఒక్క ముక్క చాలు. సారయ్యకు నిద్ర దక్కుతుంది, తనకు కొలువు దక్కుతుంది. అరవై నాలుగు ఊళ్ల చేలలో పత్తి ఇంకా ఏరుతూనే ఉన్నారు.

“మన దగ్గర పాము మందు లేదు, డాక్టర్ సాబ్.”

“ఆ రోజు అయిపోయిండెనా?”

“ఎన్నడు లేకుండె.”

సారయ్య ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. “నీకెరుకేనా?”

“ఎరుకే.”

“ఇప్పుడెందుకయ్యా ఆ ముచ్చట?” అంటూ డైరెక్టరు గారు చేయి కడుక్కోకుండానే కారు వైపు నడిచారు. ఎవరూ సాగనంపలేదు. అన్నం వడ్డిస్తున్న గరిటె ఆగింది. వరుస చివర నుంచి శ్రీనివాస్ గొంతు సవరించుకున్నాడు.

“మరి కాలినోళ్లకు, అన్నా?”

“లేదు. తీసుకరాకు.”

“పురుగుల మందు తాగినోళ్లకు?”

“పొద్దుగూకితే డాక్టర్ ఉండడు.”

“నెలలు నిండని పిల్లలకు?”

“అద్దాల పెట్టె ఉన్నది. దాన్ని నడిపేటోళ్లు లేరు.”

ఒకాయన ఎంగిలి చేయి అలాగే పక్కకు పెట్టుకొని, ఎడమచేత్తో జేబులోంచి పెన్ను తీశాడు. శ్రీనివాస్ మాత్రం ఇంకేమీ అడగలేకపోయాడు. మూడు నెలల కింద అతడు ఈ దవాఖానకే ఒక పసిగుడ్డును పంపాడు.

సారంగపాణి సారయ్య చేయి పట్టుకోబోయాడు. ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు, కోపంతో కాదు.

“ఆటోల అడిగింది తమ్మీ, నీ అక్క. యాడికి తోలుకపోతాండ్రే అన్నది. తమ్ముని దవాఖానకే అన్న.”

టెంటు గుడ్డ గాలికి కొట్టుకుంటున్నది. సారయ్య మిగిలిన మాట కూడా చెప్పాడు.

“అట్లయితే ఫికర్ లేదన్నది.”